నిండుకున్న వీధి

ఇంట్లో ఏ వస్తువు అయిపోయినా ‘లేదు’ అని పైకి అనకూడదనీ, అంటే ఆ మాట విన్న పైవాళ్లు ‘సరే, అలాగే కానీ’ అంటారనీ, ఆ తర్వాత ఆ వస్తువు ఇక ఆ ఇంటి గడప తొక్కదనీ ఒక నమ్మకం. ఇది గట్టిగా ఉన్న ఇళ్లలో బియ్యం అయిపోవు, నిండుకుంటాయి. ఉప్పు నిండుకుంటుంది, నూనె నిండుకుంటుంది, కుట్టుమిషను దారం నిండుకుంటుంది. గుమ్మం బయట నిలబడి వినే కొత్తమనిషి అది ఇల్లు కాదు, గిడ్డంగి అనుకుంటే అతని తప్పు లేదు. ఇంత వాడుకలో ఉన్న నమ్మకాన్ని ఎవరైనా పరీక్షకు పెట్టినట్టు ఎక్కడా దాఖలా కనిపించదు. ముప్పై ఒక్క ఇళ్లున్న ఒక ఇరుకు వీధిలో మాత్రం, మొదటి ఇంట్లో, అలాంటి పరీక్ష ఒకటి జరిగింది. పెట్టింది ప్రభుత్వం. తాను పరీక్ష పెడుతున్న సంగతి దానికి తెలియదు.

ఆ ఇంట్లో ముగ్గురు. డెబ్బై రెండేళ్ల అత్తగారు. ‘లేదు’ అన్న మాటను యాభై ఏళ్లుగా గడప దాటనివ్వని కాపలా ఆవిడది. ఆవిడ కొడుకు సిటీ బస్సు కండక్టరు. కోడలు ముందుగదిలో మిషను పెట్టుకుని జాకెట్లూ, బడిపిల్లల యూనిఫారాలూ కుడుతుంది. “మా ఇంట్లో లేనిదల్లా ‘లేదు’ అనే మాటొక్కటే” అని కండక్టరు బస్సులో చెప్పి నలుగురినీ నవ్వించేవాడు.

ఆ నవ్వించే నోరు మూడు నెలల కిందట మూతపడింది. డిపోలో టికెట్ల యంత్రం అప్పజెబుతూ ఆయన కూలబడ్డాడు. మెదడులో ఎడమవైపు రక్తనాళం పూడుకుపోయిందన్నారు. కుడిచెయ్యి నెల తిరిగేసరికి చాలావరకు స్వాధీనంలోకి వచ్చింది. ఎదుటివాళ్లు చెప్పేదంతా అర్థమవుతోంది. తాను చెప్పదలచుకున్నదే నోటిదాకా రాదు. వచ్చేది ఒకటే మాట: ‘రైట్’. ఇరవై రెండేళ్లు ఫుట్‌బోర్డు మీద నిలబడి రోజుకు వందలసార్లు అన్న మాట. మిగతావన్నీ దిగిపోయినా అదొక్కటి సీటు వదల్లేదు. ఆకలేసినా రైట్, ఫ్యాను ఆపమన్నా రైట్, కోపం వచ్చినా రైట్. ఏ రైటు దేనికో గొంతును బట్టి కోడలు పోల్చుకునేది. పదింటిలో ఆరు సరిపోయేవి.

పోయిన మాటలు తిరిగి నేర్పే టీచరు పెద్దాసుపత్రిలో ఉంటుంది. అక్కడికి బస్సులో ఆరు గంటల దూరం. అందుకని వారానికి మూడుసార్లు వీడియోలో పాఠం. “మొదటి ఆర్నెల్లూ ముఖ్యమమ్మా” అని ఆవిడ మొదటిరోజే చెప్పింది. “తర్వాత రాదని కాదు. ఇప్పుడు వారంలో వచ్చేది అప్పుడు నెల తీసుకుంటుంది.” ఆ ఆరింటిలో మూడు అప్పటికే గడిచాయి.

పాఠమంటే పెద్ద తతంగమేమీ కాదు. టీచరు పెదాలు చూడాలి, అదే క్షణంలో ఆ శబ్దం వినాలి, తానూ అలాగే పెట్టి అనాలి. ఆ వీధిలో కుదరనిది సరిగ్గా అదే. రెండు ఎత్తయిన కట్టడాల మధ్య ఇరుక్కున్న సందు కావడం వల్ల ఫోను సిగ్నలు అక్కడికి చుట్టపుచూపుగా వచ్చేది. టీచరు పెదాలు ‘ప’ అంటుంటే చెవికి అంతకు ముందటి ‘మ’ వినపడేది. కండక్టరు ఒకసారి పెదాలనూ, ఒకసారి ఫోనునూ చూసి, చివరకు కోడలి మొహం చూసేవాడు. మెయిన్ రోడ్డు మీద జిరాక్సు షాపులో మంచి లైనుంటే అక్కడ రెండు పాఠాలు చెప్పించారు. కాగితాలు తీయించుకోవడానికి వచ్చినవాళ్లు నిలబడి చూశారు. ఒకాయన జాలిపడి, తన బావమరిదికి నత్తి పోగొట్టిన వైద్యుడి నంబరు కూడా రాసిచ్చాడు. మూడోసారి బయల్దేరమంటే కండక్టరు చెప్పులు వేసుకోలేదు.

ఆ రోజుల్లోనే బస్టాపు గోడమీద ప్రభుత్వ ప్రకటన వెలిసింది. వేగమైన ఇంటర్నెట్టు నీళ్లలాంటిదనీ, తీగ అందని ప్రతి వీధికీ తామే తీగ వేయించి, బయటి ధరలో నాలుగోవంతుకే ప్రతి ఇంటికీ ఇస్తామనీ దాని సారాంశం. కోడలు ఆ రోజే దరఖాస్తు పెట్టింది. వారానికి జవాబు వచ్చింది: ‘మీ వీధిలో సదుపాయం నిండుగా ఉన్నట్లు నమోదై ఉన్నందున మీ దరఖాస్తు తిరస్కరించడమైనది.’

ఆవిడ ఆ కాగితం పట్టుకుని వీధిలోకి వచ్చేసరికి ఎదురింటి పంపుల మేస్త్రి సైకిలు తుడుచుకుంటున్నాడు. చదివి, వెనక్కి తిప్పి చూసి, మళ్లీ చదివాడు.

“నిండుగా ఉందట అక్కా! ఎక్కడుందో చూపిస్తే ఓ బిందె పట్టుకొస్తాను.”

“నవ్వులాట కాదు తమ్ముడూ. ఎవరు చెప్పారంటావ్ వీళ్లకి?”

“ఎవరో చెప్పే ఉంటారు. సర్కారు తనంతట తాను అబద్ధమాడదు, ఎవరైనా చెబితే నమ్ముతుంది.”

ప్రైవేటు కంపెనీవాణ్ని అడిగితే వాడూ ఏ వీధిలో ఎంత సదుపాయం ఉందో సర్కారు రాసిపెట్టిన పట్టికనే చూపించాడు. “ఆల్రెడీ నిండుగా ఉన్న వీధిలో మేం తీగ లాగితే మా దగ్గరికెవరొస్తారు మేడమ్?” అన్నాడు. పట్టికలో ఉన్నందువల్ల సర్కారు ఇవ్వదు; అదే పట్టికలో ఉన్నందువల్ల కంపెనీ ఇవ్వదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఇదే కాబోలు అనుకుంది కోడలు.

మంగళవారం ఉదయం ఆవిడ ఆ పట్టికలు తయారుచేసే కార్యాలయానికి వెళ్లింది. రెండో అంతస్తు, వరండాలో బల్ల, గోడకు ఊరి పటం. పటంలో ఆకుపచ్చ వీధులు నిండుగా ఉన్నవి, పసుపువి కొంత ఉన్నవి, ఎర్రవి అసలు లేనివి. తమ సందు వేపాకంత పచ్చగా ఉంది. అధికారి యాభై దాటిన మనిషి, కళ్లజోడు నుదుటి మీదికి తోసి మాట్లాడే అలవాటు.

“పట్టిక తప్పండీ. మా వీధిలో పురికొస ఉంది గానీ ఇంటర్నెట్టు తీగ లేదు” అంది కోడలు.

“తప్పని అందరూ అంటారమ్మా. మాకు ఆధారం కావాలి. మా ఆధారం ఇదిగో.” ఆయన బీరువాలోంచి అసలు ఫారం తీయించాడు. ఏడాదిన్నర కిందట సర్వే మనిషి ఇంటింటికీ తిరిగి నింపిన ఫారం. ముప్పై ఒక్క వరుసలు, ముప్పై ఒక్క టిక్కులు, అన్నీ ‘నిండుగా’ అన్న గడిలోనే. “మొత్తం వీధికి ఒకే జవాబు. మొదటి ఇంట్లో పెద్దావిడ చెప్పారట. మావాడు పద్ధతైన మనిషి, ఆవిడ మాట పొల్లుపోకుండా రిమార్కుల్లో రాశాడు. చదవండి.”

కోడలు చదివింది. నీలం సిరా, గుండ్రటి దస్తూరీ: ‘మా ఇంట్లో నెట్టు నిండుకుంది నాయనా. నెలాఖరు కదా, వీధి వీధంతా నిండుకునే ఉంటుంది.’

ఆవిడకు ముందు నవ్వు వచ్చింది. తర్వాత, ఆ నవ్వు సగంలో ఉండగానే, ఆ మాట ఎవరిదో, ఆ మాట వల్ల ఎవరి నోరు మూసుకుని ఉందో తట్టి, బల్ల అంచు పట్టుకుంది.

“ఏమైందమ్మా?”

“మీ ఇంట్లో ఉప్పు అయిపోతే ఏమంటారండీ?”

“అయిపోయిందంటాం.”

“మా అత్తగారు నిండుకుందంటారు.”

అధికారి కళ్లజోడు కిందికి దించి రిమార్కు మళ్లీ చదివాడు. పక్కబల్ల దగ్గర దస్త్రాలు కట్టే పెద్దావిడ తల ఎత్తకుండానే, “మా అమ్మా అలాగే అనేది సార్” అంది. “ఆ సర్వే ఆయన హాస్టళ్లలో పెరిగుంటాడు. మెస్సులో అన్నం అయిపోతే అయిపోయిందనే అంటారు.”

ఆయన లేచి పటం దగ్గరికి వెళ్లి, ఆ పచ్చటి సందు మీద వేలు పెట్టి చూసి వచ్చాడు. ఒక వీధి మొత్తం ఒక క్రియాపదం మీద ఆకుపచ్చగా మారిందని అర్థమయ్యాక ఏ అధికారైనా ఒకసారి పటం చూసుకోక తప్పదు.

“మార్చడానికి దారుంది” అన్నాడు చివరకు. “ఎవరి మాట మీద రాశామో ఆవిడే వచ్చి నా ఎదుట సూటిగా చెప్పాలి. ఉంది అంటే ఉంది, లేదు అంటే లేదు. ఆవిడ మాట ప్రకారం నేను రాస్తాను, ఆవిడ సంతకం పెడుతుంది, మావాళ్లు వచ్చి చూసిపోతారు. శుక్రవారం సాయంత్రం పట్టిక మూసేస్తాం. మళ్లీ రెండేళ్లకు.”

“నిండుకుంది అంటే చాలదా అండీ? ఇప్పుడు మీకు తెలుసు కదా.”

“అమ్మా, ఆ మాట మళ్లీ నా దస్త్రంలోకి రానివ్వను.”

అత్తగారు కథంతా విని, ముందుగా తన పరువు సంగతి చూసుకుంది.

“నేను చెప్పింది నిజమేగా? నెలాఖరు, వాడి ఫోనులో నెట్టు నిండుకుంది. వచ్చినాయనకు మాట అర్థంకాకపోతే నాదా తప్పు?”

“మీదని ఎవరన్నారు అత్తయ్యా? శుక్రవారంలోగా వచ్చి లేదని చెప్పండి, అంతే.”

“మెల్లిగా! నడింట్లో ఆ మాటేంటే?”

“సర్లెండి, ఒకటడుగుతాను. మీరు ఉప్పు నిండుకుందన్న ప్రతిసారీ డబ్బాలోకి ఉప్పు దానంతటదే వచ్చిందా? నేను కొట్టుకెళ్లి తెస్తేనే కదా వచ్చింది.”

“నేనన్నమాట నీకు అర్థమైంది గనక వెళ్లావు. అంటే నా మాట పనిచేసినట్టే కదా!”

తర్కంలో అత్తగారిని గెలవడం ఆ వీధిలో ఎవరివల్లా కాలేదు. కోడలు మిషను దగ్గరికి వెళ్లి కూర్చుంది. ఒక కాలరు కుట్టడం పూర్తయ్యేసరికి అత్తగారు వచ్చి ముక్కాలిపీట మీద కూర్చుంది. గొంతులో పోట్లాట లేదు.

“ముప్పై ఒక్క ఇళ్ల తరఫున లేదూ అని చెప్పి సంతకం పెట్టాలి. అవునా?”

“అవును.”

“మర్నాడు పొద్దున వాడికి ఉన్న ఆ ఒక్క మాటా పోతే?”

కోడలి పాదం తొక్కుడు మీద ఆగిపోయింది. పోదని ఆవిడకు తెలుసు. పోదని తెలియడం వేరు, ఒక తల్లికి హామీ ఇవ్వడం వేరు.

పాఠం వేళకు అత్తగారు ఎప్పుడూ పక్కింటికి వెళ్లిపోయేది. చూడలేననేది. బుధవారం మాత్రం వంటగది గుమ్మంలో నిలబడింది. కోడలు ఫోనును పుస్తకాల దొంతికి ఆనించింది. టీచరు కనిపించి, పలకరించి, “ఇవాళ ‘ఆ’ అందాం. నోరు బాగా తెరవండి, నేను తెరిచినట్టు” అంది. తాను తెరిచి చూపించింది. అక్కడే బొమ్మ ఆగిపోయింది.

కండక్టరు నోరు తెరిచాడు. తెర మీద టీచరు నోరు తెరిచే ఉంది గనక తానూ తెరిచే ఉంచాడు. పది లెక్కపెట్టేంతసేపు. ఇరవై. కోడలు ఫోను పట్టుకుని కిటికీ దగ్గరకు పరుగెత్తింది, మెట్లెక్కింది, దిగివచ్చింది. ఆయన కుర్చీలో కదలకుండా, మంచి విద్యార్థిలా, ఖాళీ గోడ వైపు నోరు తెరుచుకుని కూర్చునే ఉన్నాడు. పెదవి చివర ఉమ్మి తీగ సాగుతోంది. మూసుకోమని ఎవరూ చెప్పలేదు మరి.

అత్తగారు వచ్చి పమిటచెంగుతో కొడుకు గడ్డం తుడిచింది. అరచేతితో నోరు మూసింది.

“రైట్” అన్నాడు ఆయన, అలసిపోయి.

“అమ్మాయ్” అంది అత్తగారు, అటే చూస్తూ. “ఆ ఆఫీసు ఎన్నింటికి తెరుస్తారు?”

గురువారం పదిన్నరకు ఇద్దరూ అధికారి ఎదుట కూర్చున్నారు. కండక్టరును పంపుల మేస్త్రికి అప్పజెప్పి వచ్చారు. అధికారి కాగితం సర్దుకుని కలం తీశాడు.

“మీ ఇంట్లో తీగ ద్వారా వచ్చే ఇంటర్నెట్టు ఉందా, లేదా?”

“ఉంటే నీ దగ్గరికెందుకొస్తాం నాయనా?”

“అలా రాయలేనమ్మా. ఉందా, లేదా?”

“వచ్చిన జాడ కనపడదు.”

“ఉందా, లేదా?”

“ఇంకా మా గడప తొక్కలేదు.”

“ఆ ‘తొక్కలేదు’లో చివరి ముక్క చాలు, తల్లీ” అంది దస్త్రాల పెద్దావిడ.

అధికారి కలం బల్లమీద పెట్టాడు. తొందరపెట్టలేదు. వరండాలో ఎవరో టైపు చేస్తున్న చప్పుడు వినిపిస్తోంది. అత్తగారు రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని పటం మీది పచ్చటి సందును చూసింది. కోడలు చెప్పమని అనబోయి ఆగింది.

“లేదు” అంది అత్తగారు.

ఏమీ కాలేదు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. అధికారి రాసుకున్నాడు. “వీధిలో మిగతా ఇళ్లలో?”

“లేదు. ముప్పై ఇళ్లలో ఒక్క దాంట్లోనూ లేదు.” రెండోసారి అది తేలిగ్గానే వచ్చింది, మూడోసారికి గొంతు కూడా పెరిగింది. “పక్కసందులోనూ లేదు. మా వీధి చివర దీపం లేదు, నాలుగేళ్లయింది. రెండోపూట నీళ్లు లేవు. కాలవ మీద మూత లేదు. మా ఎదురింటివాడు పంపుల మేస్త్రి, వాడింట్లోనే పంపుకి వాషరు లేదు!”

“అమ్మా, అవి మా శాఖవి కావు.”

“రాసుకో నాయనా, పోయేదేముంది! యాభై ఏళ్ల తర్వాత నోరు తెరిచాను, ఒక్కదానితో ఆపమంటావేం?”

కోడలు నవ్వు ఆపుకోలేకపోయింది. దస్త్రాలావిడ దారం ఉండ జారవిడిచింది. అధికారి గంభీరంగానే సంతకం చేయించి, గంభీరంగానే రసీదు ఇచ్చి, ఇద్దరూ మెట్లు దిగాక కిటికీలోంచి తొంగిచూశాడు.

దారిలో అత్తగారు ఆటో మాట్లాడమంది. అంత తొందరేమని కోడలు అడగలేదు. ఇల్లు చేరేసరికి కండక్టరు, మేస్త్రి గుమ్మంలో బల్ల వేసుకుని పులిమేక ఆడుతున్నారు. అత్తగారు చెప్పులు విడవకుండానే కొడుకు ఎదుట నిలబడింది.

“ఏరా, ఏదైనా అనరా.”

ఆయన తల్లిని చూసి, బల్లను చూసి, గెలుస్తున్నవాడి గొంతుతో, “రైట్” అన్నాడు.

అత్తగారు గుమ్మంలోనే కూలబడి, పంపుల మేస్త్రిని మంచినీళ్లు అడిగింది.

ఆ తర్వాత పనులన్నీ పనుల్లాగే జరిగాయి. మర్నాడే ఇద్దరు మనుషులు వచ్చి గోడలు, స్తంభాలు చూసి, ఫొటోలు తీసుకుపోయారు. పట్టికలో వీధి ఎర్రగా మారింది. అయిదు వారాలకు సందు అంచున జానెడు లోతు గాడి తవ్వి, నల్లటి గొట్టంలో వెంట్రుకంత గాజుదారం వేసి, ఒక్కో ఇంటి గోడకు ఒక తెల్లడబ్బా బిగించారు. బిగించినాయన డబ్బాలో వెలిగిన దీపాలను కోడలికి చూపించి, “మూడోది ఆరిపోతేనే మాకు ఫోన్ చెయ్యండి” అన్నాడు. టీచరు చెప్పిన ఆర్నెల్లలో అప్పటికి ఇంకా ఆరు వారాలు మిగిలి ఉన్నాయి.

మొదటిరోజు పాఠంలో టీచరు తెర దగ్గరగా వంగి చూసింది. “మీ పై పెదవి మీద పుట్టుమచ్చ ఉందా! ఇన్నాళ్లూ అది మా తెర మీది మరకనుకున్నాను” అంది. ఆవిడ పెదాలూ గొంతూ ఒకేసారి కదలడం చూసి కండక్టరు కోడలి వైపు తిరగలేదు. పావుగంటసేపు ప, బ, మ. తర్వాత ఆవిడ గ్లాసు బొమ్మ చూపించి, ఇది ఏమిటని అడిగింది. ఆయన నుదురు ముడిపడింది. పెదాలు ఒకసారి ఎటో వెళ్లి, వెనక్కి వచ్చాయి.

“చిల్లర” అన్నాడు.

అందరికంటే ముందు నవ్వింది ఆయనే. అత్తగారు వంటగదిలోంచి, “ఉన్నదే ఇస్తాడమ్మా, పుచ్చుకో!” అని అరిచింది. తప్పు మాటే అయినా అది రెండో మాట అనీ, లెక్కలోకి వస్తుందనీ టీచరు అంది. కోడలు లేచి, పని ఏమీ లేకపోయినా మిషను దగ్గరికి వెళ్లి, కాసేపు అటు తిరిగి కూర్చుంది.

తీగ వచ్చిన నాటి నుంచి తొంభై రోజుల్లో ఆ ఇంట్లో ఉప్పు మూడుసార్లు అయిపోయింది. మూడుసార్లూ కొట్టులో దొరికింది. వీధిలో ఇరవై ఎనిమిది ఇళ్లవాళ్లు కనెక్షను తీసుకున్నారు. పాఠాలు ముప్పై ఎనిమిది జరిగాయి. వాటిలో రెండు కరెంటు పోయి మధ్యలో ఆగాయి. తొంభయ్యో రోజుకు కండక్టరు ఎవరూ అందించకుండా పలికే మాటలు నూట పన్నెండు.